గాయం లేని జింకలు

మొన్న ఆదివారం, పశువైద్యం చదివి కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు నలుగురు మా ఇంటికి వచ్చారు. "మీ కాలంలో జరిగిన మంచి కేసు ఒకటి చెప్పండి సార్" అన్నారు. అడగడమే తరువాయి, నేను అందుకున్నాను. కడుపులో అడ్డం తిరిగిన దూడను మోచేతి దాకా చెయ్యి పెట్టి తిప్పి తీసిన కేసు చెప్పాను. బాగుందన్నారు, కాఫీ తాగారు, వెళ్ళిపోయారు. గ్లాసులు తీస్తూ మా ఆవిడ, "జింకల కేసు చెప్పలేదేం?" అంది. యాభై ఏళ్ళ పైబడి కాపురం చేసిన మనిషి దగ్గర ఏం దాచగలం? వినపడనట్టు పేపరు తిరగేశాను. అయినా ఆ మాట వారం రోజులుగా చెవిలో జోరీగలాగా తిరుగుతూనే ఉంది. ఆ పిల్లలకు నోటితో చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

నాయనలారా, ముందే చెబుతున్నాను. ఇందులో నా గొప్పతనం వెతక్కండి. ఇది నా కడుపుమంట సంగతి.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మద్రాసులో పట్టా పుచ్చుకున్న కృష్ణా జిల్లా కుర్రవాణ్ణి నన్ను తెచ్చి ఆదోనిలో పడేశారు. పత్తి బండ్లు బారులు తీరే ఊరు. మిల్లుల నుంచి ఎగిరే దూది నూగు అన్నంలో కూడా పడేది. ఆదోని ఆసుపత్రితో పాటు ఎమ్మిగనూరులో ఉన్న చిన్న దవాఖానా కూడా నా కిందే. అక్కడ డాక్టరు లేడు, కాంపౌండరు ఒక్కడే. ప్రతి గురువారం నేను బస్సులో పోయి, రిజిస్టరు చూసి, సంతకం పెట్టి రావాలి.

ఆ కాంపౌండరుకు అప్పటికి నలభై ఉంటాయేమో. చదివింది ఎనిమిదో తరగతి. ఖాకీ నిక్కరు, తలకు తువ్వాలు, సైకిలు వెనక మందుల పెట్టె. చుట్టుపక్కల పల్లెల్లో అతన్ని అందరూ "డాక్టరప్పా" అని పిలిచేవాళ్ళు. పట్టా ఉన్న నన్నేమో "ఆదోని సారు" అనేవాళ్ళు. ఒక గురువారం నేను కుర్చీలో కూర్చుని ఉండగా గోనెగండ్ల వైపు రైతు ఒకాయన కుంటుతున్న ఎద్దును తోలుకొచ్చాడు. నన్ను చూశాడు, నా వెనక గదిలోకి తొంగి చూశాడు.

"డాక్టరప్ప లేడా సామీ?"

"నేనే డాక్టర్ని. ఏమైంది ఎద్దుకి?"

"మీరు గాదు సామీ, డాక్టరప్ప" అని ఎద్దును వరండా గుంజకు కట్టేసి, బీడీ ముట్టించి కూర్చున్నాడు. కాంపౌండరు పల్లె నుంచి తిరిగొచ్చే దాకా, రెండు గంటల పాటు, నేను లోపల, ఆయన బయట. ఆ ఎద్దు కూడా నన్ను చూసి మొహం తిప్పుకుందని అనిపించింది. నవ్వుతారేమో, ఆ వయసులో నాకు నవ్వు రాలేదు.

ఇంకొకటి చెబుతాను. మా ఇంట్లో గేదె ఉండేది. నేను క్యాంపుకు పోయిన రోజుల్లో అది పాలు చేపడం మానేసింది. మందులు తీసుకుపోవడానికి ఆదోని వచ్చిన కాంపౌండరును మా ఆవిడ పిలిచి చూపించింది. అతను దాని మెడ నిమిరి, "కట్టే తావు మార్చినారా తల్లీ?" అని అడిగాడట. మార్చాం, నిజమే. పాత చోట కట్టేయమన్నాడట. సాయంత్రానికి చెంబు నిండింది. "ఎంత నెమ్మదిగా చెప్పాడండీ!" అని మా ఆవిడ ఆ పూట అన్నం పెడుతూ మూడుసార్లు అంది. మూడోసారికి నేను చెయ్యి కడిగేసుకున్నాను.

పోనీ అతనికి పొగరు ఉందా అంటే, అదీ లేదు. నేను వస్తే లేచి నిలబడేవాడు. చెప్పిన పని చెప్పినట్టు చేసేవాడు. పొగరుగా ఉండి ఉంటే ఎంత హాయిగా ఉండేది! తిట్టుకోవడానికి ఒక సాకైనా దొరికేది. ఏ సాకూ దొరక్కపోతే ఓర్వలేనితనం లోపల్లోపలే కుళ్ళుతుంది, గాలి తగలని పుండులాగా.

ఆ ఏడు ముంగారి వానలు ఊరించి ఎగ్గొట్టాయి. మొదటి పదునుకు వేసిన జొన్న మోకాలెత్తు లేచి, ఆ తరవాత చినుకు లేక ఆకులు చుట్టుకుని వాడింది. నెల తరవాత ఒక్క జల్లు పడింది, నేల పైపైన తడిసే జల్లు. పైరు మళ్ళీ పచ్చబడింది. సరిగ్గా అప్పుడు బస్సు కండక్టరు చేతికి కాంపౌండరు ఒక చీటీ ఇచ్చి పంపాడు. గోనెగండ్ల అవతల బీట్లో జింకలు చచ్చిపడి ఉన్నాయని, వేటకు పోయినవాళ్ళు చూశారని, నన్ను వెంటనే రమ్మని అందులో ఉంది. చీటీ చదివి నేను మొదట ఆలోచించింది జింకల గురించి కాదు. వేటగాళ్ళు ముందు అతని దగ్గరికి ఎందుకు పోయారని.

ఆ రోజుల్లో నల్లరేగడి బీళ్ళల్లో కృష్ణజింకలు మందలు మందలుగా ఉండేవి. తుపాకీ లైసెన్సు ఉన్న మిల్లు పెద్దమనుషులు ఆదివారం జీపు వేసుకుని వేటకు వచ్చేవాళ్ళు. జాడ చూపడానికి ఆ బీటి పక్క పల్లెలోని ముసలి వేటగాడు ఒకడు వాళ్ళకు తోడు. ఆ ఆదివారం వాళ్ళు తుపాకీ ఎత్తే పని లేకుండానే వంక గట్టున ఐదు జింకలు పడి ఉన్నాయి. గుండు దెబ్బ లేదు, కుక్క కాటు లేదు. పెద్దమనుషులు హడలిపోయి జీపు తిప్పుకుని ఆదోని వెళ్ళిపోయారు. ముసలాయన మాత్రం నడుచుకుంటూ ఎమ్మిగనూరు పోయి కాంపౌండరుకు చెప్పాడు.

మర్నాడు నేను పోయేసరికి కాంపౌండరు, వేటగాడు, పల్లె జనం పాతికమంది దాకా వంక దగ్గర ఉన్నారు. చచ్చినవి ఏడయ్యాయి. మెలికలు తిరిగిన కొమ్ములు, నల్లని వీపులు, తెల్లని పొట్టలు. ఎక్కడా దెబ్బ కనపడలేదు. ఒక్కొక్కదాని మీద ఒక్కొక్క తంగేడు కొమ్మ వేసి ఉంది. అదేమిటని అడిగాను.

"మేం పడగొట్టంది మేం తినం సామీ" అన్నాడు వేటగాడు. "మాది గాదని కొమ్మేస్తాం. అయితే యాల సచ్చిందో తెలుసుకోకుండా పోతే మళ్ళా ఈ బీటికి మొగం సూపియ్యలేం. అందుకే ఈపొద్దు తెల్లారి పడినదాన్ని కోసి సూసినా. పొట్ట సూడండి, అంతా జొన్నాకే."

కాంపౌండరు నా పక్కకు వచ్చి, నాకొక్కడికే వినపడేటట్టు చెప్పాడు. "నాము మాదిరి ఉండాది సార్. నెత్తురు సూడండి, కుంకం లెక్క ఎర్రగా ఉండాది. జొన్న మేసినాయి, ఈడికొచ్చి నీళ్ళు తాగినాయి, తాగినసోటనే పడినాయి."

నాము అంటే ఇప్పటి పిల్లలకు తెలుసో తెలియదో. వానలేక వాడిన లేత జొన్నలో విషం పుడుతుంది. చిన్న జల్లు పడి కొత్త పిలకలు లేచినప్పుడు ఇంకా ఎక్కువ. ఎక్కువ మేసిన పశువు గంటలోనే పోతుంది, తక్కువ మేసింది కొన్ని గంటలు తన్నుకుంటుంది. పైన నీళ్ళు తాగితే ఇంకా తొందరగా పోతుంది. సయనైడు అని చదువుకున్నామే, అదే ఇది.

ఒట్టేసి చెబుతున్నాను, కాంపౌండరు ఆ మాట అనగానే నా మనసు అవునంది. ఆకు ఉంది, ఎర్రటి నెత్తురు ఉంది, పక్కనే నీళ్ళున్నాయి. ఇంకేం కావాలి? కానీ ఆ మాట ముందు అతని నోట్లోంచి వచ్చింది. పాతికమంది చూస్తుండగా, ఎనిమిదో తరగతి చదివినవాడు చెప్పిన రోగానికి నేను తల ఊపాలి. నా మెడ ఊగలేదు.

నేను నేరుగా ఇంకో జింక దగ్గరికి పోయాను. అది ముందురోజు చచ్చింది. ఎండకు ఉబ్బి ఉంది, ముక్కులోంచి నెత్తుటి నురగ కారి ఉంది. "దొమ్మ" అన్నాను గట్టిగా. దొమ్మ రోగం మాట వింటే పల్లెల్లో గుండెలు జారిపోతాయి. గొడ్ల నుంచి మనుషులకు కూడా అంటుకునే రోగం అది. దొమ్మ అనుమానం ఉన్న శవాన్ని కొయ్యకూడదని పుస్తకంలో ఉంది. ఆ ఒక్క వాక్యం పట్టుకుని వేటగాణ్ణి నానా తిట్లూ తిట్టాను. ఊరంతా చస్తే నీదే పాపం అన్నాను. ముసలాయన చేతిలోని కత్తిని చూసుకుంటూ నిలబడ్డాడు.

జింక చెవి నుంచి నెత్తుటి చుక్క గాజు పలకల మీద తీసుకుని, అక్కడికక్కడే ఉత్తర్వు వేశాను. శవాలను లోతుగా గుంత తీసి సున్నం వేసి పూడ్చాలి. బీట్లోకి గొడ్లను తోలకూడదు. వంక నీళ్ళు తాపకూడదు. టీకాలు వచ్చేదాకా గొడ్లు ఇంటి దగ్గరే ఉండాలి. దండోరా వేయించమన్నాను. పుస్తకం ప్రకారం అందులో ఒక్క తప్పు లేదు.

అప్పుడు జనంలోంచి ఒక ఆడమనిషి ముందుకొచ్చింది. పెనిమిటి ఆదోనిలో పత్తి మిల్లు కూలి, సేద్యమంతా ఈమే చేసుకునేది. దూడలప్పటి నుంచి సాకి జత చేసిన ఎద్దులు రెండున్నాయి, అవే ఆమెకు ఆధారం.

"బీడు మూసేస్తే గొడ్లకు ఏమెయ్యాల సామీ? ఇంట్లో సొప్ప అయిపోయింది."

"పైరు ఉంది కదమ్మా, కోసి వెయ్యి."

"నాము ఉంటాదేమో సామీ? సినుకు పడింది గానీ, మా యత్త నాలుగు వానలు పడందే కొయ్యొద్దనేది" అంటూ ఆమె నా భుజం మీదుగా కాంపౌండరు వైపు చూసింది.

ఆ చూపు. ఇన్నేళ్ళయినా ఆ చూపు నాకు గుర్తే. నేను ఎదురుగా నిలబడి మాట్లాడుతుంటే, జవాబు అతని మొహంలో వెతుక్కుంటోంది. ఒళ్ళంతా కారం రాసినట్టయింది.

"నాము లేదు, గీము లేదు! జల్లు పడితే నాము విరుగుతుందని మీ ఊళ్ళో వాళ్ళే అంటారు కదా. డాక్టర్ని నేను చెబుతున్నాను. కోసి వెయ్యండి."

కాంపౌండరు ఒక అడుగు ముందుకేశాడు. "సార్, ఒగ రెండు దినాలు ఆగితే..."

"నిన్ను అడిగానా?" అన్నాను.

అతను తలవంచుకుని అడుగు వెనక్కి వేశాడు. జనం చూశారు. నిజం చెప్పాలంటే ఆ క్షణం నాకు చాలా బాగుంది. బస్సులో ఆదోని దాకా కిటికీ పక్కన కూర్చుని చల్లగాలి పీలుస్తూ వచ్చాను.

మర్నాడు మైక్రోస్కోపు కింద పలక పెట్టి చూశాను. కడ్డీల్లాంటి క్రిములు కనపడ్డాయి. దొమ్మ క్రిములూ కడ్డీల్లాగే ఉంటాయి. అయితే ఎండలో ఒక రోజంతా పడి ఉన్న శవంలో కుళ్ళు క్రిములు కూడా అచ్చం అట్లాగే ఉంటాయి, మొదటి ఏడాది చదివేవాడికి కూడా తెలుసు ఆ సంగతి. ఆ రోజు పొద్దున చచ్చిన తాజా జింక, వేటగాడు కోసింది, పక్కనే ఉంటే దాని నెత్తురు నేను తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదో మీకు విడమర్చి చెప్పక్కర్లేదు. రెండో పలకను కర్నూలు ప్రయోగశాలకు పంపి, దొమ్మ రోగమని రిపోర్టు రాసి పడేశాను.

గురువారం వచ్చింది. నేను ఎమ్మిగనూరు దవాఖానాలో రిజిస్టరు చూస్తున్నాను. పొద్దు ఇంకా నెత్తిమీదికి రాలేదు. ఆ పల్లె నుంచి ఒకతను సైకిలు తొక్కుకుంటూ వచ్చి, సైకిలు స్టాండు కూడా వెయ్యకుండా అట్లాగే పడేసి లోపలికి పరిగెత్తుకొచ్చాడు.

"డాక్టరప్పా, గొడ్లు పడిపోతాండాయి! పొద్దున పైరు కోసి ఏసినాము. మేసినవి మేసినట్లే తన్నుకుంటాండాయి!"

"నీళ్ళు తాపినారా?" అని అడిగాడు కాంపౌండరు.

"తాపినాము."

కాంపౌండరు నా వైపు చూడలేదు. అది గుర్తుంది నాకు. తువ్వాలు తలకు బిగించుకుని, "మీరు బస్సుకు పోతాండండి సార్, నేను ఎనకనే వస్తా" అని సైకిలెక్కాడు. సైకిలు గోనెగండ్ల దారి పట్టలేదు, బజారు వైపు తిరిగింది. తప్పించుకుంటున్నాడు అనుకున్నాను. నా మాట విని జనం మునిగితే, ఆ పక్కన నిలబడడం ఎందుకని జారుకుంటున్నాడు. చూడండి నా బుద్ధి, బస్సు కోసం పరిగెత్తుతూనే ఉన్నాను, అయినా డాక్టరప్ప లేకుండా ఆ ఊరికి నేనొక్కణ్ణే పోతున్నాననే సంబరం లోపల ఒక మూల ఉంది.

ఊరి మొగదలకే ఏడుపులు వినపడ్డాయి. అప్పటికే మూడు గొడ్లు పోయాయి. ఆ ఆడమనిషి వాకిట్లో ఎద్దు ఒకటి కాళ్ళు బిగదీసుకుని చచ్చి పడి ఉంది. రెండోది పక్కనే పడి, నోరు తెరుచుకుని ఎగశ్వాస తీస్తోంది. దాని తలను ఒళ్ళో పెట్టుకుని ఆమె కూర్చుని ఉంది. నేను ఎద్దు పెదవి పైకెత్తి చూశాను. చిగుళ్ళు కుంకుమలాగా ఉన్నాయి. కాంపౌండరు చెప్పిన ఎరుపు అదే.

ఏం చెప్పను నాయనా! నా పెట్టెలో దొమ్మకు వేసే సీరం సీసాలు బారులు తీరి ఉన్నాయి. నాముకు కావలసిన మందు సోడియం థయోసల్ఫేటు. కావాలని రెండుసార్లు పైకి రాశాం, రెండుసార్లూ రాలేదు. పెట్టె తెరిచాను, మూశాను, మళ్ళీ తెరిచాను.

"ఏమన్నా సెయ్యి సామీ" అంది ఆమె. "కోసి ఎయ్యమంటివి గదా, ఏసినాను గదా!"

అందులో నిష్ఠూరం కూడా లేదు. చెప్పిన పని చేశానుగా, ఇక నీ పని నువ్వు చెయ్యి అన్నట్టుంది. నాకు భూమిలోకి పోవాలనిపించింది.

అంతలో సైకిలు వచ్చింది. కాంపౌండరు చెమటతో తడిసి ముద్దయి ఉన్నాడు. హ్యాండిలుకు ఒక కాగితం పొట్లం వేలాడుతోంది. విప్పితే పటికబెల్లం పలుకుల్లాంటి తెల్లని రవ్వ.

"ఫొటోలు కడిగే హైపో సార్" అన్నాడు ఆయాసపడుతూ. "బజారులో ఫొటో స్టూడియోలో అడిగి తెచ్చినా. పుస్తకంలో ఉండే మందు ఇదే గదా? మీరు బీరువాలో పెట్టినారే, ఆ బుక్కు. ఆ దినం మీరు ఊరికి పోయినాక తీసి సూసినా. నాకు ఇంగిలీసు సరిగా రాదు, బడి అయ్యవారితో సదివించుకున్నా. స్టూడియో ఆయప్పను అప్పుడే అడిగి పెట్టినా."

ఆ పుస్తకం నాది. మద్రాసు నుంచి తెచ్చి, అట్ట మీద నా పేరు కనపడేలా, వచ్చేపోయేవాళ్ళు చూడాలని ఎమ్మిగనూరు దవాఖానా బీరువాలో పెట్టించాను. పెట్టినవాణ్ణి నేను ఒక్కనాడు తెరవలేదు. హైపో అంటే సోడియం థయోసల్ఫేటేనని నాకూ తెలుసు, పరీక్షలో రాశాను కూడా. ఫొటో స్టూడియో ముందు నుంచి ప్రతి గురువారం నడిచి పోతూ కూడా నాకు తట్టలేదు.

పొరుగింటామె అప్పటికే పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. కాంపౌండరు హైపో కాచిన నీళ్ళలో కలిపి, ఉతికిన పంచెగుడ్డ నాలుగు మడతలు వేసి వడకట్టి, చల్లార్చి, పెద్ద సిరంజిలో నింపి నా చేతికి ఇచ్చాడు.

"మీరేయండి సార్. మెడ నరం మీ చేతికి అందినట్ల నా చేతికి అందదు."

నిజమే, ఆ పని నాకు బాగా వచ్చు. తన్నుకుంటున్న పశువుకు కూడా మొదటి పోటుకే నరం దొరకబుచ్చుకునేవాణ్ణి. అది అతను ఎప్పుడో గమనించి పెట్టుకున్నాడు. సూది వేశాను. మందు ఎక్కింది. మిగిలింది వెదురు గొట్టంతో గొంతులో పోశాం. ఇక చూడడమే.

ఇప్పుడు చెప్పబోయేది మా ఆవిడకు కూడా తెలియదు. ఆ ఎద్దు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఇది లేవకపోతే బాగుండు అనుకున్నాను. ఇది చస్తే హైపో పనిచెయ్యలేదని తేలుతుంది. నామూ కాదేమో అనే అనుమానం మిగులుతుంది. అతనూ నేనూ సమానమైపోతాం. ఆమె ఒళ్ళో ఉన్న ఎద్దు చావాలని పశువుల డాక్టరు కోరుకున్నాడు. ఛీ, రాయడానికే చెయ్యి రావడం లేదు. అయినా రాసేశాను.

ఎద్దు నా కోరిక వినలేదు. ఊపిరి నెమ్మదించింది. చెవి కదిలింది. కాసేపటికి వెనక కాళ్ళు కూడదీసుకుని నడుం ఎత్తింది, ముందు మోకాళ్ళ మీద ఊగింది, లేచి నిలబడి ఒళ్ళు విదిలించింది. జనం "లేసిందప్పా, లేసింది!" అని అరిచారు. కాంపౌండరు మిగతా ఇళ్ళకు పరిగెత్తాడు. నేనూ వెనకే పోయాను. అతను కలిపాడు, నేను పొడిచాను. సాయంత్రం దాకా తిరిగి ఆరు గొడ్లను నిలబెట్టాం. ఈమె ఎద్దుతో కలిపి నాలుగు పోయాయి. తిరిగి వస్తుంటే ఆ ఆడమనిషి వీధిలో ఎదురొచ్చి, నన్ను దాటుకుని పోయి, కాంపౌండరు కాళ్ళకు మొక్కింది.

మూడు వారాలకు కర్నూలు నుంచి జవాబు వచ్చింది. పలకలో దొమ్మ క్రిములు లేవు, కుళ్ళు క్రిములే అని. ఈలోగా గొడ్లు పోయినవాళ్ళు అర్జీ పెట్టుకున్నట్టున్నారు, విచారణకు పెద్ద అధికారి ఒకరు జీపులో దిగారు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆ పల్లె చావడి ముందు కుర్చీ వేశారు. ఆయన దవాఖానా రిజిస్టరు తెప్పించి, ఆ గురువారం నాటి పేజీ తీసి పైకి చదివారు. అది కాంపౌండరు చేతిరాత.

"నాము అని గుర్తించి, డాక్టరుగారి ఉత్తర్వు ప్రకారం ఫొటో స్టూడియో నుంచి హైపో తెచ్చినాను. డాక్టరుగారు నరానికి సూది వేసినారు."

నేను ఏ ఉత్తర్వూ ఇవ్వలేదు. మీకు తెలుసు.

అధికారి కళ్ళద్దాలు తీసి నా వైపు మెచ్చుకోలుగా చూశారు. "జింకల విషయంలో మీరు జాగ్రత్త పడ్డారు, దొమ్మ అనుమానం వస్తే ఎవరైనా అంతే చేస్తారు. కానీ పొరపాటు తెలిసిన వెంటనే ఫొటో స్టూడియో గుర్తు రావడం, అదండీ బుర్ర అంటే! చిన్నవారైనా..." అంటూ భుజం తట్టారు.

జనంలో ఆ ఆడమనిషి ఉంది. మిగిలిన ఒంటెద్దు పగ్గం చేతిలో పట్టుకుని ఉంది. జోడు లేక ఆ కారు సేద్యం ఆమెకు సగం బీడే. కుర్చీ ముందుకొచ్చి చెయ్యి చాపి చూపించింది.

"ఈయప్ప గాదు సామీ. ఆయప్ప. ఈయప్ప పైరు కోసి ఎయ్యమన్నాడు. ఆయప్ప మందు తెచ్చినాడు."

అధికారి నా మొహంలోకి చూశారు. కాంపౌండరు తల దించుకుని నేల చూస్తున్నాడు. ఒక్క మాట చాలు. అవును సార్, ఆమె చెప్పిందే నిజం అని.

"ఆమెకు తెలియదు సార్" అన్నాను. "పాపం, ఎద్దు పోయిన దుఃఖంలో ఉంది."

అధికారి తల ఊపారు. సూది వేసింది నేనే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం నిలబెట్టడానికి ఆ పాటి నిజం చాలు.

జీపు పోయాక మేమిద్దరం బస్సు కోసం రోడ్డు దాకా నడిచాం. ఊరు దాటి కొంత దూరం వచ్చాం. చివరికి నేనే, "రిజిస్టర్లో అట్లా ఎందుకు రాశావు?" అని అడిగాను.

"కాంపౌండరు సొంతంగా నరానికి మందు తెచ్చినాడంటే ఊరుకుంటారా సార్? నా ఉద్యోగం పోతాది. మీకూ మాటొస్తాది" అన్నాడు మామూలుగా. కొంచెం నడిచి ఆగాడు. "అది గాదు సార్ నా బాద. ఆ దినం వంక కాడ నేను గెట్టిగా సెప్పింటే ఆయమ్మకు పోయిన ఎద్దు గూడా బతికేది. మీరు కోపం జేస్తారని బయపడినా. తప్పు నాదే."

విన్నారా? తప్పు కూడా తనదే అంటాడు! మంచిపేరు సరే, అది ఎప్పుడూ అతనిదే. కనీసం ఆ తప్పైనా నాకు మిగల్చకూడదా? బస్సు వచ్చేదాకా ఆ మనిషి పక్కన నిలబడి, అతని తప్పు మీద కూడా నేను అసూయపడ్డాను.

తరవాత కర్నూలు నుంచి మెప్పు ఉత్తరం వచ్చింది. మా ఆవిడ చదివి, "ఫొటో స్టూడియో మీకే తోచిందా?" అని ఒక్కసారి అడిగింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు, ఈ మొన్నటి దాకా. ఎన్నో ఊళ్ళు తిరిగి, ఎన్నో ఏళ్ళకు నేను రిటైరైన రోజు ఆ ఉత్తరాన్ని సభలో పైకి చదివారు. ఎక్కడ తెలుసుకున్నాడో, ఎమ్మిగనూరు నుంచి బస్సెక్కి కాంపౌండరు వచ్చాడు, చివరి వరసలో కూర్చున్నాడు. నెరిసిన జుట్టు, తలకు అదే రకం తువ్వాలు. ఫొటో స్టూడియో మాట రాగానే అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది అతనే. మెడలో దండతో నేను నమస్కారం పెట్టి కూర్చున్నాను. ఆ రోజు కూడా నోరు తెరవలేదు. అతను పోయి ఇప్పటికి పదేళ్ళు దాటింది.

పిల్లలూ, ఈసారి మీరు వస్తే ఈ కేసే చెబుతాను. కాఫీ ఇచ్చేటప్పుడు మా ఆవిడ ఎదురుగానే చెబుతాను. చెప్పలేకపోతానేమో అని ముందే ఇక్కడ రాసి పెట్టాను. ఆ అధికారి ఇప్పుడు లేడు, కాంపౌండరు లేడు. ఒంటెద్దు పగ్గం పట్టుకుని నిలబడ్డ ఆ మనిషి ఉందో లేదో తెలియదు. ఉంటే ఈ మాట ఆమెకు చేరాలి.

ఆమెకు తెలుసు సార్. ఆ రోజు చావడి ముందు నిజం చెప్పింది ఆమె ఒక్కతే.